కోషెర్ కుటుంబ సఫారీకి సరైన కాలాన్ని ఎంచుకోవడం ఎలా? సమగ్ర మార్గదర్శి

ఆఫ్రికాలో సఫారీకి ఏ నెలలో వెళ్లాలని అడిగితే, ఎవరైనా వానలు, ఎండలు, జంతువుల కదలికలు చూసుకుని జవాబు చెబుతారు. యూదు మత నియమాలను పాటించే కుటుంబానికి ఆ జవాబు చాలదు. వారు తినే ప్రతి ముద్దా కోషెర్ అనే మత ఆహార నియమాలకు లోబడి ఉండాలి. శుక్రవారం సూర్యాస్తమయానికి ముందు నుంచి శనివారం చీకటి పడేవరకు, అంటే షబ్బాత్ అనే వారపు విశ్రాంతి దినం సాగే సుమారు 25 గంటలపాటు, వారు వాహనం ఎక్కరు, నిప్పు రాజేయరు, విద్యుత్ మీటలు నొక్కరు. ఏడాదిలో కొన్ని వారాలు వారికి పండుగ రోజులైతే, మరికొన్ని వారాలు సంతాప దినాలు. అందువల్ల వాతావరణం, పంచాంగం, వంటగది, పిల్లల వయసు అనే నాలుగూ ఒకచోట కుదిరే రోజులను వెతకవలసి ఉంటుంది.

గుంటూరు జిల్లా కొత్తరెడ్డిపాలెంలోని, యూదు ఆచారాలు పాటించే బెనె ఎఫ్రాయిమ్ సమాజం మూలంగా తెలుగు నేల మీదా ఈ ఆచారాలు తెలిసినవారు ఉన్నారు. విదేశాల్లో యూదు కుటుంబాలతో వియ్యమందిన తెలుగువారు, పర్యటనల రంగంలో ఉండి అటువంటి కుటుంబాలకు ఏర్పాట్లు చేసే తెలుగువారు కూడా ఉన్నారు. వారందరికీ ఉపయోగపడాలని ఈ మార్గదర్శిని రాస్తున్నాను. ప్రధానంగా దక్షిణాఫ్రికానే తీసుకున్నాను. జోహన్నెస్‌బర్గ్‌లో పెద్ద యూదు సమాజం, దాని మత న్యాయస్థానమైన బేత్ దిన్ పర్యవేక్షణలో నడిచే మాంసం దుకాణాలు, రొట్టెల బట్టీలు ఉండడం వల్ల, అడవిలో కోషెర్ భోజనం సమకూర్చడం ఆ ఖండంలో అన్నిటికంటే అక్కడే సులువు.

నా అభిప్రాయాన్ని ముందే చెబుతాను. తేదీలు మీ చేతిలో ఉంటే, తిషా బె ఆవ్ (యూదుల సంతాప దినం) ఉపవాసం ముగిసిన తరువాతి ఆదివారం మొదలుకొని రోష్ హషానా (యూదుల నూతన సంవత్సరం) వచ్చేలోగా దక్షిణాఫ్రికాకు వెళ్లండి. ఎందుకో, అది కుదరకపోతే ఏం చేయాలో కింది అడుగులు వివరిస్తాయి.

మొదటి అడుగు: యూదు పంచాంగాన్ని ముందు పెట్టుకోండి

యూదు పంచాంగం మన పంచాంగంలాగే చాంద్రమాసాలతో నడుస్తూ, ఋతువులతో పొత్తు తప్పకుండా అధిక మాసాన్ని కలుపుకుంటుంది. 19 ఏళ్లలో 7 సార్లు అధిక మాసం వస్తుంది. అందుచేత ఒకే పండుగ ఆంగ్ల క్యాలెండర్‌లో ఒక ఏడాదికీ మరో ఏడాదికీ మూడు వారాల దాకా జరగగలదు. సఫారీ కాలాన్ని ఎంచుకోవడంలో ఈ జరుగుడే అన్నిటికంటే ఎక్కువ ప్రభావం చూపుతుంది. చాలామంది పట్టించుకోనిదీ ఇదే.

తమ్మూజ్ నెల 17వ రోజు ఉపవాసం నుంచి ఆవ్ నెల 9వ రోజు ఉపవాసం (తిషా బె ఆవ్) వరకు ఉండే మూడు వారాలు యెరూషలేము దేవాలయ విధ్వంసాన్ని తలచుకునే సంతాప కాలం. ఈ వారాల్లో సంగీతం వినరు, శుభకార్యాలు చేసుకోరు, చాలా కుటుంబాలు వినోద యాత్రలకూ బయలుదేరవు. ఆవ్ నెల మొదలయ్యాక నియమాలు ఇంకా బిగుస్తాయి. అష్కెనాజీ (ఐరోపా మూలాల యూదుల) ఆచారంలో ఆ తొమ్మిది రోజులు షబ్బాత్ నాడు తప్ప మాంసం, ద్రాక్షారసం ముట్టరు, సరదాకు ఈత కొట్టరు. సెఫార్దీ (స్పెయిన్, మధ్యప్రాచ్య మూలాల) కుటుంబాల్లో చాలామంది ఈ కట్టుబాట్లను తిషా బె ఆవ్ పడే వారానికే పరిమితం చేస్తారు. కాబట్టి ఏ ఆచారం పాటిస్తారో కుటుంబాన్నే అడిగి తెలుసుకోండి. ఉపవాసం ముగిసినా మరునాడు మధ్యాహ్నం దాకా మాంసాహారం మానే అలవాటు ఉన్నందున, వెంటనే ప్రయాణం పెట్టుకోవడం మంచిది కాదు.

ఇప్పుడు మూడు సంవత్సరాలను పక్కపక్కన పెట్టి చూడండి. 2026లో తిషా బె ఆవ్ జూలై 23న, రోష్ హషానా సెప్టెంబర్ 11 సాయంత్రం వస్తున్నాయి. జూలై 26 ఆదివారం నుంచి ఆగస్టు చివరి దాకా దొరికే విశాలమైన వ్యవధి బడి సెలవుల్లోనే పడుతుంది. 2027లో అధిక మాసం కారణంగా తిషా బె ఆవ్ ఆగస్టు 12కు జరిగింది, రోష్ హషానా అక్టోబర్ 1 సాయంత్రానికి వెళ్లింది. అడవికి ఆగస్టు, సెప్టెంబర్ రెండూ మంచి నెలలే అయినా, అమెరికాలో బడులు తెరిచేలోగా ఆ కుటుంబాలకు మిగిలేది పది పన్నెండు రోజులే. అటువంటి ఏడాదిలో సంతాప వారాలకు ముందే, అంటే జూన్ చివరి వారం నుంచి జూలై 21 లోపు, వెళ్లి రావడం తెలివైన పని. 2028లో తిషా బె ఆవ్ ఆగస్టు 1న, రోష్ హషానా సెప్టెంబర్ 20 సాయంత్రం వస్తాయి కాబట్టి ఆగస్టు 6 ఆదివారం నుంచి మూడో వారం చివరి దాకా చక్కగా అమరుతుంది. ఇజ్రాయేలు నుంచి వచ్చే కుటుంబాలకు తిషా బె ఆవ్ నుంచి ఆవ్ తరువాతి ఎలూల్ నెల మొదలయ్యే వరకు యెషీవాల (మత విద్యాలయాల) సెలవులు కూడా కలిసివస్తాయి. అందుకే ఆ మూడు వారాలకు కోషెర్ వంట చేసిపెట్టే నిర్వాహకుల దగ్గర చోటు త్వరగా నిండిపోతుంది.

రెండో అడుగు: వాన పోయిన అడవిని కోరుకోండి

దక్షిణ ఆఫ్రికాలో మే నుంచి సెప్టెంబర్ వరకు శీతకాలం, పొడి కాలం. వానలు ఉండవు, గడ్డి ఎండి పలచబడుతుంది, చెట్లు ఆకు రాలుస్తాయి, చిన్న కుంటలు ఇంకిపోతాయి. దాంతో ఏనుగులు, ఖడ్గమృగాలు, అడవి దున్నలు, వాటి వెనుక సింహాలు మిగిలిన నీటి మడుగుల చుట్టూ తిరుగుతాయి. పిల్లలు గంటల తరబడి ఖాళీ పొదలను చూస్తూ విసిగిపోకుండా ఉండేది ఈ నెలల్లోనే. నవంబర్ నుంచి మార్చి వరకు వానాకాలం. అడవి పచ్చగా కన్నుల పండువగా ఉంటుంది, ఇంపాలా జింకల పిల్లలు పుడతాయి, వలస పక్షులు వస్తాయి. అయితే దట్టమైన పొదల చాటున పెద్ద జంతువులు కనిపించడం కష్టం, పగటి ఎండ 35 డిగ్రీలు దాటడం మామూలు.

కోషెర్ కుటుంబానికి పొడి కాలం మరో కారణంగానూ మేలు. షబ్బాత్ నాడు వాళ్లు జంతువులను వెతుక్కుంటూ వాహనంలో వెళ్లలేరు. జంతువులే వారి దగ్గరికి రావాలి. పొడి కాలంలో, నీటికి ఎదురుగా ఉన్న విడిదిని ఎంచుకుంటే అవి నిజంగానే వస్తాయి. క్రూగర్ జాతీయ పార్కులో ఒలిఫాంట్స్ విడిది నది మీది ఎత్తైన గట్టున ఉంది. లోయర్ సాబీ విడిది సాబీ నదిని ఆనుకుని ఉంది. అక్కడ శనివారం ఉదయం ప్రార్థన ముగించుకుని, చల్లటి భోజనం చేసి, వసారాలో కూర్చుంటే, ఏనుగుల మంద నీళ్లు తాగి ఒళ్లు తడుపుకుని వెళ్లేవరకు ఒక్క మీట నొక్కకుండా, ఒక్క అడుగు బయట పెట్టకుండా పిల్లలు చూడవచ్చు. ఇదే వసారాలో జనవరిలో కూర్చుంటే, నీరు అడవంతా దొరుకుతున్నందున, అంత సందడి ఉండదు. నమీబియాలోని ఎటోషా పార్కులో ఒకావుకుయెజో విడిది మడుగు కూడా పొడి నెలల్లో ఇలాగే పగలూ రాత్రీ జంతువులతో నిండి ఉంటుంది.

కెన్యా, టాంజానియాల లెక్క వేరు. అక్కడ మార్చి నుంచి మే వరకు పెద్ద వానలు, నవంబర్, డిసెంబర్‌లలో చిన్న వానలు. సెరెంగెటి, మసాయి మారాల మధ్య లక్షల వైల్డ్‌బీస్ట్‌లు (గడ్డిమేసే పెద్ద అడవి జంతువులు) సాగించే వలసలో మారా నది దాటే ఘట్టం ఎక్కువగా జూలై, అక్టోబర్ నెలల మధ్య జరుగుతుంది. తిషా బె ఆవ్ తరువాతి వ్యవధికి ఇదీ సరిపోతుంది. నైరోబీలో సినగాగు (యూదు ప్రార్థనాలయం) ఉన్నా సమాజం చిన్నది. మాంసం, జున్ను, పొడి సరుకులు దాదాపు అన్నీ వెంట తెచ్చుకోవాలని ముందే అనుకోవడం మంచిది.

మూడో అడుగు: సూర్యుడి వేళలతో ప్రార్థన, షబ్బాత్ వేళలను సరిచూడండి

సఫారీ దినచర్య తెల్లవారుజామున ఒకసారి, సాయంత్రం ఒకసారి వాహనంలో తిరగడం మీద ఆధారపడి ఉంటుంది. యూదు ప్రార్థనలు కూడా సూర్యుణ్ణి బట్టే నడుస్తాయి. ఈ రెండూ ఢీకొంటాయా, పొసుగుతాయా అన్నది ఋతువు తేలుస్తుంది.

క్రూగర్‌లో జూన్ నెలలో సూర్యోదయం సుమారు 6:35కు, సూర్యాస్తమయం సుమారు 5:10కి. విడిది గేట్లు ఉదయం 6 గంటలకు తెరుస్తారు. తల్లిదండ్రులు గేటు తెరిచే వేళకే లేచి, తల్లిత్ (ప్రార్థన శాలువా), తెఫిల్లీన్ (లేఖనాలున్న తోలు పెట్టెలు) ధరించి ప్రార్థన ముగించుకుని బయలుదేరినా పెద్దగా ఏమీ పోగొట్టుకోరు. డిసెంబర్‌లో సూర్యోదయం 5 గంటలకే అవుతుంది, గేట్లు 4:30కే తెరుస్తారు. చల్లటి వేళను వదులుకోకూడదనుకుంటే ప్రార్థనను తిరిగి వచ్చాక చేసుకోవాలి. కానీ షెమా అనే విశ్వాస ప్రకటన పఠనాన్ని పగటి కాలంలో మొదటి నాలుగో వంతు గడిచేలోగా పూర్తిచేయాలి. డిసెంబర్‌లో ఆ గడువు సుమారు 8:20కే ముగుస్తుంది, ఇంకా ముందే ముగుస్తుందనే లెక్కను పాటించేవారూ ఉన్నారు. అందువల్ల షెమాను వాహనంలోనే చదువుకోవలసి వస్తుంది. జూన్‌లో ఆ గడువు 9:15 దాకా ఉంటుంది. మధ్యాహ్నపు మిన్హా ప్రార్థనను ఏ ఋతువులోనైనా వాహనం ఎక్కేముందే చేసుకోవడం ఉత్తమం.

శీతకాలానికి ఉన్న ఇబ్బంది శుక్రవారం నాడు బయటపడుతుంది. షబ్బాత్ దీపాలను సూర్యాస్తమయానికి కనీసం 18 నిమిషాల ముందు వెలిగించాలి కాబట్టి జూన్, జూలై నెలల్లో శుక్రవారం సాయంత్రపు తిరుగుడు మొత్తం వదులుకోవలసిందే. దానికి ప్రతిఫలం శనివారం రాత్రి దొరుకుతుంది. షబ్బాత్ 6 గంటల ప్రాంతంలోనే ముగిసి హవ్దాలా అనే ముగింపు ప్రార్థన అయిపోతుంది కాబట్టి, వేళ ముందుగా మాట్లాడుకుంటే పిల్లలు నిద్రపోకముందే రాత్రి తిరుగుడుకు వెళ్లవచ్చు. ఆగస్టు మధ్యకు సూర్యాస్తమయం 5:35 దాకా జరుగుతుంది, శుక్రవారం కొంచెం ఊపిరి పీల్చుకోవచ్చు. నైరోబీ భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్నందున ఏడాదంతా సూర్యాస్తమయం 6:15, 6:50 మధ్యనే ఉంటుంది. అక్కడ ఈ లెక్కలతో ఋతువును తేల్చవలసిన పని లేదు.

కంచె విషయం కూడా ఇక్కడే చూసుకోవాలి. షబ్బాత్ నాడు ఆవరణ లేని చోట వస్తువులు మోయరు, చంటిపిల్లలనూ ఎత్తుకోరు. చుట్టూ కంచె ఉన్న విడిదిని ఆవరణగా లెక్కించవచ్చో లేదో వారి రబ్బీ (మత గురువు) చెప్పాలి. కంచె లేని విడిదుల్లో చీకటి పడ్డాక కాపలాదారుడు టార్చితో వెంట నడవనిదే గది నుంచి భోజనశాలకు వెళ్లనివ్వరు. శీతకాలంలో చీకటి త్వరగా పడుతుంది కాబట్టి శుక్రవారం రాత్రి భోజనమంతా ఆ పరిస్థితిలోనే జరుగుతుంది. చిన్నపిల్లలు ఉన్న కుటుంబానికి నేను కంచె ఉన్న విడిదినే సూచిస్తాను.

నాలుగో అడుగు: వంటగదికి ఏ ఋతువు అనుకూలమో ఆలోచించండి

అడవిలో కోషెర్ భోజనం రెండు విధాలుగా సమకూరుతుంది. ఒకటి, జోహన్నెస్‌బర్గ్‌లో వండి, సీలు వేసి, గడ్డకట్టించి తెచ్చిన భోజనాలను రెండు పొరల రేకులో చుట్టి లాడ్జి ఓవెన్‌లో వేడిచేయడం. రెండోది, లాడ్జి వంటగదిని లేదా అందులో ఒక భాగాన్ని కోషెర్‌గా మార్చి, సొంత గిన్నెలు, కత్తులు, పొయ్యిలతో, మష్గియాఖ్ అనే పర్యవేక్షకుడి కళ్ల ముందు వండడం. పొయ్యిని యూదు వ్యక్తే వెలిగించాలి. మాంసానికీ పాలకూ వేర్వేరు పాత్రలు ఉండాలి. ఒకే కుటుంబానికి మొదటి పద్ధతి చాలు. తాత, నాయనమ్మలతో సహా రెండు మూడు కుటుంబాలు కలిసి లాడ్జి మొత్తాన్ని తీసుకుంటే రెండో పద్ధతి ఖర్చుకు తగినట్టు ఉంటుంది.

ఈ రెంటికీ శీతకాలమే అనుకూలం. గడ్డకట్టించిన మాంసాన్ని ఆరు గంటలు రోడ్డు మీద తీసుకెళ్లడం జూలైలో ఉన్నంత తేలికగా జనవరిలో ఉండదు. ఆకుకూరల సంగతి ఇంకా ముఖ్యం. పురుగు తినడం కోషెర్ నియమాల ప్రకారం నిషిద్ధం కాబట్టి పాలకూర, కొత్తిమీర, బ్రాకలీ వంటివాటిని ఆకు ఆకూ ఉప్పునీటిలో నానబెట్టి, కడిగి, వెలుతురులో పట్టి చూడాలి. వానాకాలంలో పురుగు ఎక్కువ, అందుకు పట్టే సమయమూ ఎక్కువ. శీతకాలం అక్కడ నారింజ, కమలాల కాలం. తొక్క వలిచి పిల్లల చేతిలో పెడితే చాలు, పరీక్షలు అవసరం లేని చిరుతిండి. దానికి తోడుగా జోహన్నెస్‌బర్గ్ కోషెర్ దుకాణాల్లో దొరికే బిల్టాంగ్ అనే ఎండుమాంసం తీసుకెళ్లండి. ఇంపాలా, కూడూ వంటివి డెక్కలు చీలి నెమరువేసే జంతువులే అయినా, నియమం ప్రకారం వధించనిదే వాటి మాంసం పనికిరాదు. కాబట్టి లాడ్జి వారు వడ్డించే అడవి మాంసాన్ని మర్యాదగా వద్దనాలి.

ఐదో అడుగు: పిల్లల ఆరోగ్యం, వయసు

క్రూగర్ ప్రాంతంలో మలేరియా భయం ఉంది. అది సెప్టెంబర్ నుంచి మే వరకు ఎక్కువ, శీతకాలంలో తక్కువ, కానీ పూర్తిగా ఉండదని చెప్పలేం. మాత్రల విషయం పిల్లల వైద్యుణ్ణి అడిగి నిర్ణయించుకోండి. చంటిపిల్లలు ఉంటే మలేరియా లేని మాదిక్వే, పిలానెస్‌బర్గ్, వాటర్‌బర్గ్, ఏనుగుల ఆడో పార్కులలో ఒకటి ఎంచుకోవడమే నా సలహా. వానాకాలంలో వెళ్లక తప్పనివారు కూడా వీటి వైపే చూడాలి. చాలా లాడ్జిలు ఆరేళ్ల లోపు పిల్లలను అందరితో కలిసి ఎక్కే వాహనాల్లోకి రానివ్వవు, ప్రత్యేక వాహనం తీసుకోమంటాయి.

చలిని తక్కువగా అంచనా వేయకండి. జూలై తెల్లవారుజామున మాదిక్వేలో ఉష్ణోగ్రత 5 డిగ్రీల కిందికి దిగుతుంది, కప్పులేని జీపు కదిలేసరికి గాలి ఇంకా కోస్తుంది. హైదరాబాద్ డిసెంబర్‌కు సరిపోయే స్వెట్టర్ అక్కడ చాలదు. ఉన్ని టోపీ, చేతి తొడుగులు, మందపాటి కోటు, ఒడిలో వేడినీళ్ల సీసా ఉంటే పిల్లలు గంటన్నర నిలుస్తారు. పదిన్నరకల్లా అదే పిల్లలు పొట్టిచేతుల చొక్కాతో తిరుగుతారు. ఆగస్టు రెండో సగంలో చలి తగ్గుముఖం పడుతుంది. ఆ రోజులను నేను ఇష్టపడడానికి ఇదీ ఒక కారణం.

ఆరో అడుగు: తేదీలు మార్చుకోలేనివారికి

పర్ణశాలల పండుగ (సుక్కోత్) మధ్య దినాలు విహారాలకు సంప్రదాయంగా వాడుకునే రోజులు. అవి సెప్టెంబర్ చివర, అక్టోబర్‌లలో, పొడి కాలం పతాక స్థాయిలో ఉండగా వస్తాయి కాబట్టి అడవి పరంగా లోటు లేదు. కష్టమల్లా పర్ణశాలే. భోజనం అందులోనే చేయాలి, పైకప్పు కోసిన కొమ్మలతో, ఆకులతో వేయాలి. వెర్వెట్ కోతులు, బబూన్లు భోజనం వాసన పసిగట్టి వస్తాయి కాబట్టి లాడ్జి వారు ఒక మనిషిని కాపలా పెట్టగలరో అడగండి. పండుగ మొదటి, చివరి రోజుల్లో వాహనం ఎక్కకూడదని కూడా లెక్కలో వేసుకోండి.

మార్చి, ఏప్రిల్‌లలో వచ్చే పస్కా పండుగకు వంటగది నియమాలు అన్నిటికంటే కఠినం. పులిసిన పిండి జాడ కూడా ఉండకూడదు. అష్కెనాజీలు వరి, పప్పులు కూడా తినరు. సొంతంగా ఏర్పాటు చేసుకోవాలని చూడకుండా, వంటగది మొత్తాన్ని పస్కాకు సిద్ధం చేసే సామూహిక కార్యక్రమం దొరికితేనే వెళ్లండి. అది కెన్యాలో పెద్ద వానల కాలం కాబట్టి దక్షిణాఫ్రికానే చూడండి. 2027లోలా పస్కా ఏప్రిల్ 21 సాయంత్రం మొదలయ్యే ఆలస్యపు ఏడాది, ఏప్రిల్ 1 సాయంత్రమే మొదలయ్యే 2026 కంటే మెరుగు. ఆ మూడు వారాల్లో వానలు వెనుకబడి గడ్డి ఎండడం మొదలవుతుంది.

అమెరికాలోని యూదు పాఠశాలలకు చాలాచోట్ల జనవరి చివర సెలవులు ఇస్తారు. ఆ రోజుల్లో దక్షిణాఫ్రికా అడవి తడిగా ఉన్నా, టాంజానియాలో సెరెంగెటి దక్షిణాన ఎన్‌డుటు మైదానాల్లో వైల్డ్‌బీస్ట్‌లు ఈనే కాలం దగ్గరపడుతుంది. ఫిబ్రవరిలో అది ఉద్ధృతంగా సాగుతుంది. సరుకులన్నీ వెంట తీసుకెళ్లడానికి సిద్ధపడిన కుటుంబానికి అది గొప్ప అవకాశం.

ఏడో అడుగు: వారంలో రోజులను అమర్చి, ఖాయం చేసుకోండి

ఆదివారం లేదా సోమవారం అడవి చేరి, గురువారం తిరిగి బయలుదేరి, షబ్బాత్‌ను నడిచివెళ్లే దూరంలో సినగాగు ఉన్న జోహన్నెస్‌బర్గ్ పరిసరాల్లో గడపడం మొదటిసారి వెళ్లేవారికి అన్ని విధాలా సుఖం. శీతకాలంలో శుక్రవారం ఉదయం క్రూగర్ నుంచి బయలుదేరితే, ఐదారు గంటల దారిలో ఎక్కడ ఆలస్యమైనా సూర్యాస్తమయం తరుముకొస్తుంది. పిలానెస్‌బర్గ్ నుంచైతే రెండు రెండున్నర గంటలే కాబట్టి అంత భయం లేదు. కెన్యాను కూడా కలుపుకునేవారు, ఆ దేశంలో 12 గంటలకు మించి విమానం మారేవారు, పసుపు జ్వరం టీకాను కనీసం పది రోజుల ముందు వేయించుకుని ధ్రువపత్రం వెంట ఉంచుకోవాలి. దక్షిణాఫ్రికాలో దిగేటప్పుడు, తిరుగు దారిలో భారత్‌లో దిగేటప్పుడు దాన్ని అడుగుతారు.

లాడ్జికి సొమ్ము కట్టేముందు కొన్ని జవాబులు రాతపూర్వకంగా తీసుకోండి. ఓవెన్ మనకే కేటాయిస్తారా? ఫ్రీజర్‌లో విడి అర ఉందా? గదికి మామూలు తాళంచెవి ఉందా, విద్యుత్ కార్డు మాత్రమేనా? దారిలో మనిషి కదలగానే వెలిగే దీపాలు ఉన్నాయా? శనివారం ఉదయం వేడి నీళ్లు, భోజనాన్ని వేడిగా ఉంచే విద్యుత్ పళ్లెం ముందురోజు నుంచే ఉంచగలరా? చివరగా, షబ్బాత్ వేళల పట్టికను ఆ లాడ్జి ఉన్న చోటికే లెక్కించి తీసుకోండి. జోహన్నెస్‌బర్గ్ పట్టికను క్రూగర్‌కు వాడకూడదు. క్రూగర్ తూర్పున ఉన్నందున అక్కడ సూర్యుడు పది నిమిషాలకు పైగా ముందే అస్తమిస్తాడు, శుక్రవారం దీపాలు వెలిగించే వేళకు ఆ పది నిమిషాలు ఎంతో విలువైనవి.